సిరంజి మీది గీత ఏం కొలుస్తుంది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు అడిగినప్పుడు కవిత రాద్దామనే అనుకున్నాం. నాలుగు పంక్తులు రాశాం కూడా. అంతలో గండికోట నుంచి ఒక ఫోన్ వచ్చింది. చేసినవాడు మన హాస్టల్లో మాకంటే రెండేళ్ళు చిన్న. కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారవుతున్నాడు. కోట నుంచి జమ్మలమడుగు పోయే దారిలో రోజూ తెల్లవారుజామున పరుగెత్తి పరుగెత్తి మోకాలు నొప్పి తెచ్చుకున్నాడు. 1600 మీటర్ల పరుగు దగ్గర పడుతోంది, కాలు చూస్తే మడత పడటం లేదు. ఎవరో చెబితే కొరియర్‌లో ఒక చిన్న సీసా తెప్పించుకున్నాడు. సీసా అడుగున గోరంత తెల్లటి పొడి. దాన్ని సూదిగా వేసుకుంటే కండరాలు, కీళ్ళు త్వరగా మానుతాయని వెంట వచ్చిన కాగితంలో రాసి ఉందట.

"అన్నా, నువ్వు మందుల చదువు చదువుతాండావు గదా. దీంట్లో ఎన్ని నీళ్ళు పోయల్ల? ఎన్ని గీతలు లాగల్ల?" అన్నాడు. మేము నోరు తెరిచేలోపే ఇంకో ప్రశ్న. "నీళ్ళంటే మెకానిక్ షాపులో బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ పనికొస్తాదా?"

కవిత పక్కన పెట్టేశాం.

మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. నాయన నాపరాళ్ళ గనిలో పని చేశాడు, అమ్మ కూలికి పోతుంది. బి.ఫార్మసీ అయి ఎం.ఫార్మసీలో చేరేసరికి వీధిలో ఎవరింటికి ఏ మందుచీటీ వచ్చినా అది మా చేతికి రావడం మొదలైంది. మేము డాక్టర్లం కాము అని ఎంత చెప్పినా వినేవాళ్ళు లేరు. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం మేము ధైర్యంగా చెప్పగలం. ఎందుకంటే ఇందులో వైద్యం కంటే ఏడో తరగతి లెక్కలే ఎక్కువ. నిష్పత్తి, అనుపాతం, దశాంశాలు. ఆ లెక్క తప్పి మా ఇంట్లోనే ఒక మనిషి చేజారిపోవాల్సింది. అది కొంచెం ముందుకు పోయాక చెబుతాం.

మొదట మన మెస్‌లోకి వెళ్దాం. సాంబారు సంగతి ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. నాలుగు కిలోల కందిపప్పుతో 40 లీటర్ల సాంబారు కాచారనుకుందాం. లీటరుకు 100 గ్రాముల పప్పు పడుతుంది. గరిటె 200 మిల్లీలీటర్లదైతే ఒక్కో గరిటెలో 20 గ్రాముల పప్పు మన పళ్ళెంలోకి వస్తుంది. ఇంతలో చుట్టాలొచ్చారని వంటమనిషి ఇంకో 10 లీటర్ల నీళ్ళు కుమ్మరించాడు. గరిటె అదే, వడ్డించే చెయ్యి అదే. ఇప్పుడు గరిటెకు 16 గ్రాములే. గరిటె నిండుగానే పోశానని అతను ఒట్టు పెట్టి చెబుతాడు, అది అబద్ధమూ కాదు. గరిటె కొలిచేది సాంబారును, పప్పును కాదు.

సిరంజి కూడా అలాంటి గరిటే. దాని మీది గీత ద్రవాన్ని కొలుస్తుంది. ఆ ద్రవంలో మందు ఎంత ఉందో గీతకు తెలియదు. అది నీళ్ళు పోసినవాళ్ళకే తెలియాలి.

పొడి సీసా మీద మందు బరువు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని పోసిన ద్రవం మిల్లీలీటర్లతో భాగిస్తే ఒక మి.లీ.లో ఎంత మందుందో వస్తుంది. దీన్నే గాఢత అంటారు. వేయాల్సిన మోతాదును ఈ గాఢతతో భాగిస్తే ఎన్ని మి.లీ. లాగాలో వస్తుంది. తమ్ముడి సీసా మీద 5 మి.గ్రా. అని ఉంది. అమ్మినవాళ్ళ కాగితంలో 2 మి.లీ. పోసి, 250 మైక్రోగ్రాములకు 10 గీతలు లాగమని ఉంది. 5ను 2తో భాగిస్తే మి.లీ.కి రెండున్నర మి.గ్రా., అంటే 2500 మైక్రోగ్రాములు. 250ని 2500తో భాగిస్తే 0.1 మి.లీ. ఇంతవరకు కాగితం లెక్క సరిగానే ఉంది. అదే సీసాలో 2 బదులు 1 మి.లీ. పోస్తే? గాఢత 5000 అవుతుంది, ఆ 0.1 మి.లీ.లోనే 500 మైక్రోగ్రాములు వచ్చి కూర్చుంటాయి. సీసా మారలేదు, గీత మారలేదు, మందు రెట్టింపు అయింది. మిల్లీగ్రాముకు, మైక్రోగ్రాముకు మధ్య వెయ్యి రెట్ల తేడా ఉందని కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. ఇంగ్లిషులో కుదించి రాస్తే రెంటికీ తేడా ఒక్క అక్షరమే. అలసిపోయిన కంటికి ఆ అక్షరం ఆనదు.

ఇక 0.1 మి.లీ. అంటే 10 గీతలని కాగితం ఎలా చెప్పింది? నీ సిరంజి ఫోటో పంపరా అన్నాం. పంపాడు. టోపీ ఎర్రగా ఉంది.

మన దేశంలో ఇన్సులిన్ సిరంజీలు రెండు రకాలు దొరుకుతాయి. ఎర్ర టోపీది యు-40. దాంట్లో 1 మి.లీ.ని 40 భాగాలు చేస్తారు. నారింజ టోపీది యు-100. దాంట్లో 1 మి.లీ.కి 100. తమ్ముడి కాగితం నారింజ టోపీని మనసులో పెట్టుకుని రాసింది. వాడి చేతిలో ఉన్నది ఎర్రది. ఎర్రదానిలో 10 అంకె దాకా లాగితే 0.1 కాదు, 0.25 మి.లీ. వస్తుంది. అంటే 625 మైక్రోగ్రాములు, కాగితం చెప్పినదానికి రెండున్నర రెట్లు. ఎర్రదానిలో వాడు లాగాల్సింది 4 గీతలు. మా జేజి చెప్పేది, పూర్వం మా ఊరి సేరు వేరు, సంతలో సేరు వేరని, రెండింటినీ సేరనే అనేవాళ్ళని. గీతల సంగతీ అంతే. ఏ ఊరి గీత అని అడగకుండా ఎన్ని గీతలు అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మేము బి.ఫార్మసీ రెండో ఏడులో ఉన్నాం. అమ్మకు షుగర్ మాత్రలతో లొంగలేదని ఇన్సులిన్ పెట్టారు. ఉదయం 20 యూనిట్లు. ఆసుపత్రిలో ఇచ్చిన సీసా మి.లీ.కి 40 యూనిట్లది. మొదట ఇచ్చిన ఎర్ర టోపీ సిరంజీలు అయిపోయాక అమ్మ అంగడికి పోయింది. వాళ్ళు నారింజ టోపీవి ఇచ్చారు. రంగు వేరుగా ఉందే అంటే, అన్నీ ఒకటేనమ్మా అన్నారట. అమ్మకు చదువు రాదు గానీ అంకెలు బాగా తెలుసు. 20 అంకె దాకా లాగి వేసుకునేది. నారింజదానిలో 20 అంటే 0.2 మి.లీ. మి.లీ.కి 40 చొప్పున 0.2 మి.లీ.లో ఉండేది 8 యూనిట్లు. ఇరవై వేసుకుంటున్నాననుకుంటూ నెలరోజులు ఎనిమిదే వేసుకుంది.

షుగర్ 300 కిందికి దిగలేదు. అందరూ అమ్మనే అన్నారు. అన్నం తగ్గించడం లేదని, దొంగచాటుగా చక్కెర టీ తాగుతోందని. మేము కూడా సెలవుల్లో ఇంటికి వచ్చి నాలుగు మాటలు అన్నాం. సంగటి ముద్ద సగానికి తుంచి పక్కన పెట్టి, "నేను తింటాండేది ఇంతే నాయనా" అంది. నమ్మలేదు. మందుల చదువు చదువుతున్నవాళ్ళం, సిరంజి చేతిలోకి తీసుకుని చూడలేదు.

డాక్టరు గారు చీటీలో అంకెలు చూసి మోతాదు 30కి పెంచారు. వారి చేతిలో ఉన్న వివరాలను బట్టి అది సరైన పనే. నారింజ గీతల్లో 30 అంటే 12 యూనిట్లు. షుగర్ కాస్త కదిలింది. అంతలో ఉగాదికి అమ్మ మైలవరం దగ్గర చిన్నమ్మ ఇంటికి పోయింది. సీసా తీసుకుపోయింది, సిరంజీలు మరిచిపోయింది. చిన్నమ్మకూ షుగరే కాబట్టి ఇబ్బంది లేదనుకుని ఆమె సిరంజీలలో కొత్తది ఒకటి తీసుకుంది. అది ఎర్ర టోపీది. 30 అంకె దాకా లాగింది. ఈసారి నిజంగానే 30 యూనిట్లు లోపలికి పోయాయి. నిన్నటి 12కు రెండున్నర రెట్లు.

పదకొండు గంటలకల్లా ఒళ్ళంతా చెమటలు, వణుకు, మాట తడబడింది. వాకిట్లో కూలబడింది. గాలి సోకిందని ఒకరు, ఎండదెబ్బ అని ఒకరు. చిన్నమ్మ కూతురు తొమ్మిదో తరగతి, ఆడపిల్లల హాస్టల్లో ఉంటుంది. అత్తకో అమ్మకో కాదు, వాళ్ళ వార్డెన్ మేడంకు ఒకసారి ఇలాగే అయితే చూసిందట. మింగగలుగుతోంది కదా అని చూసుకుని బెల్లం నీళ్ళు గుక్కగుక్కగా తాగించింది. తెలివి తప్పి ఉంటే నోట్లో ఏమీ పోయకూడదని కూడా ఆ పిల్లకు తెలుసు. తర్వాత ఆటోలో ఆసుపత్రికి. అమ్మ బతికింది. కారణం తెలిసింది మాత్రం ఇంకో వారానికి, రెండు సిరంజీలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు. ఆ నెలలో అమ్మను అన్న మాటలు ఇప్పటికీ మా గొంతులో ముల్లులా ఉన్నాయి.

ఈ తప్పు రెండో వైపు జరిగితే ఇంకా ప్రమాదం. ఇన్సులిన్ పెన్నులో వేసే గొట్టం మి.లీ.కి 100 యూనిట్లది. పెన్ను చెడిపోయిందని అందులోని మందును ఎర్ర టోపీ సిరంజితో 20 దాకా లాగితే అర మి.లీ. వస్తుంది, అంటే 50 యూనిట్లు. అందుకే పెన్ను గొట్టంలోంచి సిరంజితో లాగకూడదంటారు. సీసా మీద 40 అని ఉంటే ఎర్ర టోపీ, 100 అని ఉంటే నారింజ టోపీ. మా ఇంట్లో ఈ రెండు రంగుల చుక్కలూ గోడ మీద పెట్టి, ఎర్ర చుక్క పక్కన అమ్మ సీసా బొమ్మ గీశాం. ఫ్రిజ్ లేదు కాబట్టి సీసా తడి ఇసుక పోసిన కుండలో ఉంటుంది. ఎండాకాలం మన వైపు అదొక్కటే దారి.

యూనిట్ అనే మాట దగ్గర చాలామంది జారిపడతారు. యూనిట్ అంటే కేజీ, లీటరు లాంటి ఒకే కొలత కాదు. ఏ మందు యూనిట్ ఆ మందుదే. ఎముకల బలానికి ఊళ్ళలో వేయించుకునే విటమిన్ డి సూది ఒక రకం చూడండి, 1 మి.లీ.లో 6 లక్షల యూనిట్లు ఉంటాయి. బరువులో అది 15 మిల్లీగ్రాములే. ఇన్సులిన్‌కు 6 లక్షల యూనిట్లంటే ఊరికి ఊరు సరిపోతుంది. కాబట్టి ఇన్సులిన్ సిరంజితో వేరే మందు లాగేటప్పుడు దాని మీది అంకెకు యూనిట్ అనే అర్థమే పోతుంది. అది మి.లీ.లో నలభయ్యో వంతో, నూరో వంతో, అంతే. పోతే, ఆ డి సూదిని "ఒళ్ళు నొప్పులు, ఇంకోటి వెయ్యి" అని వారం వారం వేయించుకునేవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. అది ఒంట్లో నిల్వ ఉండే విటమిన్. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇది చదువు లేని పల్లెల సమస్య అనుకునేరు. 2024 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది. సెమాగ్లూటైడ్ అనే షుగర్, బరువు తగ్గే మందు అక్కడ కొరతగా ఉన్న రోజుల్లో కొన్ని ఫార్మసీలు దాన్ని సొంతంగా కలిపి సీసాల్లో ఇచ్చాయి. మోతాదు మిల్లీగ్రాముల్లో, సిరంజి యూనిట్లలో, సీసా మిల్లీలీటర్లలో. కొందరు రోగులు అనుకున్నదానికి 5 నుంచి 20 రెట్ల మందు లాగి వేసుకున్నారు. వాంతులతో ఆసుపత్రుల్లో చేరినవాళ్ళున్నారు. రోగులే కాదు, లెక్క కట్టి చెప్పిన వైద్య సిబ్బంది కూడా కొన్నిచోట్ల పొరబడ్డారు.

పొడి కలిపే లెక్క మన ప్రాణం మీదికి వచ్చేది పాముకాటు దగ్గర. గండికోట రాళ్ళలో, కింద నల్లరేగడి శనగ చేలలో తిరిగేవాళ్ళకు రక్తపింజర కొత్త కాదు. మన దేశంలో పాముకాటు విరుగుడు మందు ఎక్కువగా పొడిగానే వస్తుంది. ఒక్కో సీసాలో 10 మి.లీ. శుద్ధమైన నీళ్ళు కలుపుతారు. కలిపాక ఒక మి.లీ. మందు 0.6 మి.గ్రా. రక్తపింజర విషాన్ని విరుస్తుంది, అంటే సీసాకు 6 మి.గ్రా. రక్తపింజర ఒక కాటుకు సగటున 63 మి.గ్రా. విషం దించుతుందని మన దేశ వైద్య మార్గదర్శకాల్లో ఉంది. అందుకే మొదట 8 నుంచి 10 సీసాలు ఎక్కిస్తారు. పిల్లలకూ అంతే. పసిబిడ్డకు పది సీసాలా అని బంధువులు గొడవకు దిగుతారు. చాలా మందులు మనిషి బరువును బట్టి ఇస్తారు, ఇది పాము పోసిన విషాన్ని బట్టి. పాము ముందున్నది పిల్లవాడా పెద్దవాడా అని చూసి విషం తగ్గించదు. ఇంకో మాట. ఈ సీసాను గట్టిగా కుదపకూడదు, నురగ వచ్చి అందులోని ప్రోటీన్ చెడుతుంది. సిస్టర్ ఒక్కో సీసా మెల్లగా తిప్పుతూ కరిగిస్తుంటే "బిరబిరా ఊపమ్మా" అని అరిచేవాళ్ళను మేమే చూశాం. ఆమె ఆలస్యం చేయడం లేదు.

పొడి కూడా చోటు తీసుకుంటుందనేది ఇంకో చిక్కు. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఒక గ్రాము సీసాలో కండకు వేయడానికి 2.1 మి.లీ. పోస్తే మి.లీ.కి 350 మి.గ్రా. వస్తుందని దాని కాగితంలో ఉంటుంది. 1000ని 2.1తో భాగిస్తే 476 రావాలి కదా? రాదు. పొడి కరిగాక మొత్తం దాదాపు 2.86 మి.లీ. అవుతుంది. 476 అనుకుని 500 మి.గ్రా. కోసం 1.05 మి.లీ. లాగితే రోగికి అందేది సుమారు 367. తమ్ముడి సీసాలా గోరంత పొడి అయితే ఈ తేడా లెక్కలోకి రాదు. గ్రాముల సీసాలకు మాత్రం కాగితం మీది గాఢతనే నమ్మాలి.

బ్యాటరీ నీళ్ళ ప్రశ్నకు వద్దాం. అందులో లవణాలు ఉండవు, నిజమే. కానీ అది సూక్ష్మజీవులు లేని నీరు కాదు. కాచి చల్లార్చినా చచ్చిన బ్యాక్టీరియా తునకలు అందులోనే ఉంటాయి, అవి రక్తంలోకి పోతే చలి, జ్వరం, ఒక్కోసారి బీపీ పడిపోవడం. ఇంజెక్షన్ల కోసమే తయారుచేసిన నీరు వేరు. అందులోనూ ఒక్కసారి వాడి పారేసేది ఒకటి, బెంజైల్ ఆల్కహాల్ కలిపి 28 రోజుల దాకా వాడుకునేది ఇంకొకటి. రెండోది అప్పుడే పుట్టిన బిడ్డలకు విషం. కొన్ని మందులను సెలైన్‌తోనే కలపాలి. ఏ పొడికి ఏ ద్రవమో తయారుచేసినవాళ్ళే రాస్తారు. సమోవా అనే దీవి దేశంలో 2018 జులైలో తట్టు టీకా పొడిని నీటికి బదులు, మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించే మందుతో కలిపేశారు. ఇద్దరు పసిబిడ్డలు నిమిషాల్లో పోయారు. టీకాలు నెలల తరబడి ఆపేశారు, జనానికి టీకా అంటేనే భయం పట్టుకుంది. మరుసటి ఏడు తట్టు వచ్చి 83 మంది చనిపోయారు. ఎక్కువమంది చిన్నపిల్లలే.

లెక్క అంతా సరిగా చేసినా చివరికి మిగిలే ప్రశ్న ఒకటుంది. మి.లీ.కి 2500 మైక్రోగ్రాములని మేము తేల్చింది సీసా మీది 5 మి.గ్రా.ను నమ్మి. అది అబద్ధమైతే కింది లెక్కంతా అబద్ధమే. తమ్ముడి సీసా మీద బి.పి.సి-157 అని ఉంది. దానికి మన దేశంలో గానీ, అమెరికాలో గానీ మనుషుల మందుగా అనుమతి లేదు. సీసా అడుగున చిన్న అక్షరాలతో "పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు" అని వాళ్ళే రాసుకున్నారు. క్రీడాకారులు వాడకూడని పదార్థాల అంతర్జాతీయ జాబితాలో 2022 నుంచి అది ఉంది. వాడు పరుగు కోసం తెప్పించుకున్నది అదీ. తెల్లబడటానికి వేయించుకునే గ్లూటాథయోన్ సూదుల కథా ఇదే దారిలోది. ఫిలిప్పీన్స్ ఔషధ సంస్థ 2011లోనే వాటి మీద హెచ్చరిక ఇచ్చింది. 2019లో అమెరికా సంస్థ, తినే పదార్థంగా తయారైన గ్లూటాథయోన్ పొడితో ఇంజెక్షన్లు చేసినచోట బ్యాక్టీరియా విషాలు ఎక్కువగా ఉన్నాయని ప్రకటించింది. మన నలుపు జబ్బేమీ కాదు గనుక దాని గురించి ఇంతకంటే రాయదలుచుకోలేదు.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే మోకాలికి ఏం చేయల్లన్నా?" అన్నాడు. అది మా చదువు కాదురా, ఎముకల డాక్టరుకు చూపించు అన్నాం. పోయాడు. రెండు వారాలు పరుగు మానమన్నారట, తారు రోడ్డు వదిలి మట్టి నేల మీద మొదలుపెట్టమన్నారట. అలిగాడు గానీ మానాడు. సీసాను మాకే పంపించాడు, మా ట్రంకు పెట్టెలో ఉంది.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మేము మెస్ వరండాలో కూర్చుంటాం. సూది కత్తిరించిన ఎర్ర టోపీ, నారింజ టోపీ సిరంజీలు, కొలగిన్నె, రంగు నీళ్ళు తెస్తున్నాం. ఇంట్లో అమ్మకో నాయనకో జేజికో షుగర్ సూది వేసేవాళ్ళుంటే, వచ్చేటప్పుడు వాళ్ళ సీసా మీది అంకె, సిరంజి టోపీ రంగు కాగితం మీద రాసి తెచ్చుకోండి.